ఒక మూల

నిడుజివ్వి నల్లబండను ఎవరూ పేరడగరు,
కొలతడుగుతారు.
ఇంటికింత, బావికింత, గోరీకింత.
ఈసారి కొలతతో పాటు ఒక కాయితం వచ్చె,
మా ఫక్రూబీ పిన్నమ్మ రవికెలో మడిచి తెచ్చింది.
"కుడిపక్క నుంచి కొట్టల్లరా నాగూరూ,
మన గోరీల మాదిరే.
కాకుంటే ఇవి మన అచ్చరాలు గావు."

పద్నాలుగేండ్లు మనామాలో
ఒక ముసలామెకు నీళ్లు పోసింది, గోళ్లు తీసింది,
శుక్రవారం పొద్దుగూకక ముందే
రెండు వత్తులు చేతికందించింది పిన్నమ్మ.
సల్హా మామా. యూదులామె.
ముప్పైలో ఒకామె.
"ముప్పై ఇండ్లా?" అంటి.
"మనుషులురా. దేశం మొత్తానికి."

నేను ఉలి పట్టుకుంటి.
ఆమె దుమ్ములోనే కూచోని చెప్పుకుంటా పాయ.

మామా నాయన మురాదు
బాగ్దాదు నుంచి వచ్చి పడవ దిగినాడంట,
భుజాన గుడ్డల మూట, నోట్లో అరబ్బీ.
బజార్లో ఒక సందు శనివారం మూసుకునేదంట.
ఆ పొద్దు పక్కింటి తురకామె
(అనేసి పిన్నమ్మ నాలిక కరుచుకునింది,
ఆ మాట మనల్ని గదా అంటారు)
అడక్కుండానే వచ్చి వాళ్ల పొయ్యి రాజేసేదంట.

నలభై ఏడు.
యాడనో దూరంగా ఒక నేలను కాయితం మీద రెండు చేస్తే
ఈడ తలుపులు పగిలినాయి.
అదే యేడు మనకాడా గీత గీసిరి గదా,
మా జేజబ్బ మూడు రాత్రులు నిద్రపోలేదంట.
ఏమీ జరగలేదు.
నిద్రపోలేదంతే.

సల్హాకు అప్పుడు తొమ్మిదేండ్లు.
పొయ్యి రాజేసే ఆ పక్కింటామే
బియ్యం బస్తాల ఎనక దాచిపెట్టి
వాకిట్లో ఖర్జూరాల గింజలు తీస్తా కూచోని
"ఈడెవరూ లేరు" అనిందంట.
ప్రార్థన చేసే ఇల్లు పాయ.
చుట్టచుట్టిన తోలు పుస్తకం పాయ.
ఆనక మనిషికో పెట్టె, ఒకవైపు టికెట్టు.
మురాదు మాత్రం కదల్లేదు,
"నాకు రావల్సిన బాకీలన్నీ ఈ ఊర్లోనే ఉండాయి" అని.

వాళ్ల నమాజుకు పదిమంది మగోళ్లు కావల్లంట.
ఒక యేడు తొమ్మిది. ఒక యేడు ఏడు.
మామాను పూడ్చిన పొద్దు ఆరుగురు.
పిన్నమ్మ గేటు కాడ నిలబడి
ఆ నాలుగు ఖాళీలను చూసిందంట
మనుషుల మొగాలు చూసినట్టు.

ఒక అచ్చరం కంపచెట్టు ముల్లు.
ఒకటి మెడ ఎత్తిన ఒంటె.
వాళ్ల లెక్కన సంవత్సరం ఐదువేల ఏడువందల పైచిలుకు.
బండను నిమిరి నవ్వుకుంటి,
నీకది నిన్న గదే.

నాయన పేరు కాడ తప్పింది.
లండన్‌లో ఉండే మనవడు ఫోన్లో చూసి ఏందో అనె,
పిన్నమ్మ అరబ్బీలో విని తెలుగులో చెప్పె.
"ఈ అచ్చరం మూల గుండ్రంగా ఉండల్లంట.
కోసుగా కొట్టినావు.
అది ఇంకో అచ్చరమంట."
నువ్వుగింజంత తేడా.
రాతిలో తీసేది ఉంటాది గానీ
తిరిగి పెట్టేది ఉండదు.
మురాద్.
పెద్దదర్గా కటకటాలకు దారం కట్టి
మేము అడిగేదీ అదే.
నా చేతిలో అది మూల కాడ ఇంకోటయింది.

రెండో బండ కొట్టిచ్చినా.
ఎర్రగుంట్ల మీదుగా లారీ, ఆడనుంచి చెన్నై, ఓడ.
పెన్నలో ఏరిన గులకరాయొకటి
గోనెపట్ట మడతలో దోపింది పిన్నమ్మ.
"వాళ్లు పూలు పెట్టరు. రాయి పెడతారు."

మొదటి బండ మా గడపకు పరిచినాం.
వాన కురిస్తే అచ్చరాల్లో నీళ్లు నిలుస్తాయి.
మేకపిల్ల వచ్చి తాగుతాది.
మా చిన్నది వేలు పెట్టి
ఎడమ నుంచి చదువుతాది ఏందో,
దానికే తెలియల్ల.

లోపలికి పొయ్యేటప్పుడు ఆ మూల తొక్కను నేను.
కాలు రోంత ఎత్తి పెడతా.
మా ఇంటామె నవ్వుతాది,
"తప్పు కొట్టిందానికి మళ్లీ మర్యాదొకటి."