తాడు పట్టేవాళ్లు

ఆత్మకూరులో పాత ధాన్యం గోడౌను పక్కన
రేకుల హాలు, కింద కడప బండలు.
పద్నాలుగు రోజుల శిక్షణ.
పేర్లిచ్చినోళ్లు తొమ్మిది మంది, దిగినోళ్లు ఆరుగురు.
బైర్లూటి బస్సు రాలేదేమో అని రాసుకున్నాను.
బస్సు వచ్చిందట.
ఇప్పపూలు రాలే రోజులట.

మొదటిరోజు రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి చూపించాను.
కష్టంలో ఉన్న మనిషి ముందు ఇట్లా కూర్చోవాలి,
కళ్లలోకి చూడాలి,
మధ్యమధ్యలో తల ఊపాలి.
మండ్లి గురవమ్మ పమిట నోట్లో కుక్కుకుంది
నవ్వు ఆగక.
"ఎదురుగా కూచుంటే పోలీసోడు మేడం.
మేం పక్కన కూచుంటాం.
ఇద్దరం పొయ్యిలోకి చూస్తాంటాం.
మాట దానంతటదే వస్తాది, రాకుంటే లేదు."

కుర్చీలు గోడకు జరిపాం.
మళ్లీ వాటితో పని పడింది
పై ఆఫీసరు వచ్చిన పూట మాత్రమే.

రెండో చార్టు, గోప్యత.
ఎర్ర స్కెచ్చుతో రాసి కింద రెండు గీతలు కొట్టాను.
ఉడతల ఈదమ్మ దాన్ని కూడబలుక్కుని చదివి
అంటే ఏందని అడిగింది. చెప్పాను.
"ఓ అదా.
మావి తడికె గోడలు.
మొగుడు కొట్టింది, పెండ్లాం ఏడ్చింది
గూడెమంతా ఇంటాది.
రాత్రి తడికె అవతల విన్నదాన్ని
పొద్దున బోరింగుకాడికి మోసకపోగూడదు.
మా అవ్వ చెప్పింది."
అవ్వ చార్టు వేసిందా అని ఎవరో అన్నారు.
అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఇక ఫారం.
ఇంటి నంబరు, కుటుంబ పెద్ద,
సమస్య, ఏదైనా ఒక్కదానికి టిక్కు పెట్టుము.
"ఒక్కదానికేనా?"
పెన్సిలు కొన మీద పెదవి ఆనించి
ఈదమ్మ చాలాసేపు అట్లాగే కూచుంది.
నా దగ్గర జవాబు లేదు.
బోండాలు వచ్చాయి.

తొమ్మిదోరోజు అడిగాను: నమ్మకం అంటే ఏమిటి?
ఎవరూ పలకలేదు. ఫ్యాను తిరుగుతోంది.
వెనక వరసలోంచి గురవమ్మే,
"కొండతేనెకు దిగేటప్పుడు
పైన తాడు బామ్మర్ది పట్టుకుంటాడు మేడం.
అన్న పట్టడు, తమ్ముడు పట్టడు.
బామ్మర్దికి తన చెల్లెలి బొట్టు
ఆ తాడుకే కట్టి ఉంటాది గదా."
మరి నేనెవరిని, నోరు జారింది నాకు.
కాస్త ఆలోచించింది.
"మీరు తాడమ్మే అంగడోళ్లు."
నా మొహం చూసి మళ్లీ అంది,
"తాడు మంచిదే."

పదిహేడేళ్లుగా ఈ పని చేస్తున్నాను.
కర్నూలులో మా బీరువా నిండా జ్ఞాపికలు, శాలువాలు.
పదకొండోరోజు కరెంటు పోయింది,
కడపటి బస్సూ పోయింది.
హాలు వెనక మూడు రాళ్ల పొయ్యి మీద
గురవమ్మ గంజి కాస్తోంది.
నేను పక్కన కూర్చున్నాను, ఊరికే.
మంటలో ఒక పుల్ల చిట్లింది.
ఎందుకు మొదలుపెట్టానో తెలియదు,
ఎవరికీ చెప్పనిది చెప్పేశాను, మొత్తం.
తను తల ఊపలేదు.
గరిటె మాత్రం కాసేపు ఆగింది.

ఏం చెప్పానో ఇక్కడ రాయను.
తెల్లారి బోరింగు దగ్గర అందరూ పళ్లు తోముకుంటున్నారు.
గురవమ్మ నాకు వేపపుల్ల అందించింది,
రాత్రి నేనొక బొమ్మనై ఉన్నట్టు,
పొయ్యి దగ్గర ఎవరూ లేనట్టు.

పరీక్ష రోజు ఐదుగురే వచ్చారు.
గూడెంలో ఎవరో పిల్లవాడు తేనెచెట్టు మీంచి పడ్డాడు,
నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు.
వాళ్లమ్మ గుడిసెలో ఒంటరిగా ఉందని
గురవమ్మ తెల్లవారుజామునే వెళ్లిపోయింది.
పక్కన కూచోవడానికి.

హాజరుపట్టీలో గైర్హాజరు అని రాశాను.
కొట్టేశాను.
పనిలో ఉంది అని రాశాను.

కొట్టివేతలు చెల్లవని ఆఫీసు వాళ్లు
ఆ పట్టీ తిప్పి పంపారు.
నెలయింది.
నా బల్లమీదే ఉంది, ఇంకా సరిచేయలేదు.