కళ్ళు తిరగడం

రాత్రి రెండున్నర. రాయపురం నుంచి ఆటోలో తెచ్చారు.
హార్బర్ క్రేన్ మీద ఇరవై రెండేళ్ళు కూర్చున్న మనిషి
స్ట్రెచర్ కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు,
నేలంటే భయపడి.
సాయంత్రం నుంచీ ఆగకుండా తిరుగుతోందట, వాంతులట.

సిస్టర్ సెల్వి షీటు మీద రాసుకుంది: తలై సుత్తుదు.
ఆయనేమో నా పేరుబిళ్ళ చూసి
"కండ్లు తిరగతా ఉండాయమ్మా" అన్నాడు.
అరవం నేరం తల మీద మోపుతుంది,
మనం కంటి మీద.
ఈ ఊళ్ళో ఏ రోగికైనా ఇద్దరు సాక్షులు.

సీటీ శుభ్రంగా ఉందన్నారు.
చెంగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.
నేను తుడుచుకోలేదు.
చిన్నమెదడులో మొదటి గంటల చావు
ఆ బొమ్మకు చాలాసార్లు చిక్కదు.
పోయిన ఆడి నెలలో ఇలాంటి శుభ్రాన్నే నమ్మి
ఒకావిడను మాత్ర ఇచ్చి ఇంటికి పంపాను.
ఆ సంగతి ఇంతకంటే రాయను.

"నా ముక్కు చూడండి, మునిరత్నం గారూ."
రెండు చెంపలూ అరచేతుల్లోకి తీసుకుని
చటుక్కున తల పక్కకి తిప్పాను.
చెవి చెడితే చూపు జారుతుంది;
స్టాపు దాటేసిన బస్సులోంచి దూకినట్టు
ఒక్క గెంతులో వెనక్కొస్తుంది.
ఆ గెంతు కోసం చూశాను.
జారవయ్యా, ఒక్కసారి జారు,
చెవే అయితే కొన్నాళ్ళకి మళ్ళీ క్రేనెక్కుతావు.

జారలేదు.
మేకు కొట్టినట్టు నా ముక్కు మీదే.
మళ్ళీ తిప్పాను. మళ్ళీ.
తప్పు చేయని కన్ను కీడు చెప్పే పరీక్ష
నాకు తెలిసి ఇదొక్కటే.

ఎడమకి చూడమంటే నల్లగుడ్లు ఎడమకి కొట్టుకున్నాయి,
కుడికంటే కుడికి.
లేపి కూర్చోబెడితే తడిసిన గోనెలా ఒరిగాడు.

"బాగా చూస్తన్నానా అమ్మా?"
ఇన్‌స్పెక్టరు ముందు ఎక్కం అప్పజెప్పిన పిల్లాడి గొంతు.
"బాగా చూశారు."
అబద్ధం కాదు, అందుకే గొంతు దిగలేదు.

ఫోనులో ఆవలింత: సీటీ నార్మలే కదా?
కళ్ళు చూశాను సార్.
కాసేపు ఏమీ లేదు, ఫ్యాను చప్పుడు.
తర్వాత, వస్తున్నా.

ఎమ్మారై గదికి తోసుకెళ్తున్నాం.
ట్రాలీకి ఒక చక్రం ఎప్పుడూ మొరాయిస్తుంది.
మునిరత్నం కళ్ళు మూసుకుని
కింద ఎవరో సరుకు పట్టుకుని నిలబడ్డట్టు
పిడికిలి పైకెత్తాడు,
ఆపండి అని.

మేం ఆపలేదు.