చేటెడు తవుడు

వాళ్లు పంపిన లిస్టులో పద్దెనిమిది పేర్లున్నాయి.
లిల్లీ, డైసీ, టీనా, మోనికా...
ఏదో ఒకటి టిక్కు పెట్టి రేపటికల్లా పంపమన్నారు,
పిల్లలకి నోరు తిరగాలి కదా అని.
కాశీబుగ్గ నెట్ సెంటర్లో ప్రింటు తీయించి
మడతపెట్టి పర్సులో దోపుకున్నాను,
గ్యాస్ రసీదు పక్కన.

ఇంటర్వ్యూలో అడిగారు, మీరు నేటివా అని.
అవును సార్, మా నేటివ్ పలాస అన్నాను.
అటువైపు బొమ్మ కాసేపు కదల్లేదు.
సిగ్నలు పోయిందనుకున్నాను.
నవ్వాపుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచీ నాకు నోరే పని.
వీ అనాలంటే కింది పెదవి కొరకాలి,
డబ్ల్యూ అంటే ఈల వేసేముందులా
మూతి సున్నా చుట్టాలి.
చేతి అద్దం పట్టుకుని కూర్చుంటే
అమ్మ గుమ్మంలోంచి చూసి
"ఏటే, పంటినొప్పా?" అంది.

అమ్మకి అది చైనా కాదు, సైనా.
సెప్పు, సెయ్యి, సాలు, సైనా.
వైజాగ్ కాలేజీలో మొదటి వారమే
ఆ "స"ని నాలుక కింద దాచేశాను.
ఇప్పుడు దాచినదాని మీద
ఇంకో దుప్పటి కప్పుతున్నాను.

అక్కడ మాటకి నాలుగు స్వరాలట, ఫోనులో యాప్ చెబుతోంది,
స్వరం తప్పితే అర్థం తప్పుతుందట.
దానికి భయం లేదు.
"ఏటి" అనే ఒక్క మాటతో
అమ్మ నన్ను పిలిచింది, తిట్టింది, అన్నం పెట్టింది,
ఓసారి జ్వరంలో రాత్రంతా కూర్చుంది.

ఆదివారాలు డాబా మీద డెమో క్లాసు.
జీడి మిల్లుకెళ్లేవాళ్ల పిల్లలు ఆరుగురు,
తలా రెండు బిస్కెట్ల ఒప్పందం మీద.
పప్పు పెట్టెల అట్టలు కోసి కార్డులు చేశాను.
ఇటు ఎర్ర ఆపిల్,
అటు తిప్పితే డబ్ల్యూ రెండువందల నలభై గ్రేడు.
దాలినాయుడికి ఇంగ్లీషులో ముందొచ్చిన అక్షరం అదే.

వాట్ ఈజ్ దిస్?
"జీడిమావిడి పండు టీచర్."
కాదురా, ఆపిల్.
"మరి దీని పిక్కేదీ?"
ఆ రాత్రి ఆపిల్ కింద పిక్క గీశాను.
చెరిపేశాను.
మచ్చ ఉండిపోయింది.

మొదటి పాఠం: మై నేమ్ ఈజ్.
చెయ్యి గుండెమీద పెట్టుకుని నవ్వుతూ చెప్పాలంది పుస్తకం.
మై నేమ్ ఈజ్ టీనా.
"అబద్ధం," అన్నాడు దాలినాయుడు,
బిస్కెట్టు సగం నోట్లోనే ఉంది.

నాకు ముందు ఇద్దరు పోయారు.
పుట్టిన మూడోనాడు
నన్ను ఎదురింటి కూర్మమ్మకి ఇచ్చేసి
చేటెడు తవుడు కొలిచి
మళ్లీ కొనుక్కుంది మా అమ్మ.
తవుడు ఖరీదు పిల్లని ఎవరెత్తుకుపోతారు?
చావు కూడా సరుకు చూసే వస్తుందని మావాళ్ల లెక్క.
ఇదంతా ఇంగ్లీషులో చెప్పాలని కూర్చున్నాను.
తవుడుకి మాట దొరికింది.
చేటకి దొరకలేదు.

పాస్‌పోర్టు ఆఫీసులో
నా పది వేళ్లూ ఒక్కసారికే పడ్డాయి.
అమ్మవి రేషను మిషను మీద రెండేళ్లుగా పడవు,
గీతలన్నీ జీడి సొన తినేసింది.
ఆ వేలే ఇప్పుడు లిస్టు మీద పెట్టి
పైనుంచి కిందికి జరుపుతోంది,
చదవడం రాకపోయినా.
డైసీ దాటింది, మోనికా దాటింది,
అడుగున తెల్లకాగితం మీద ఆగింది.
"ఇక్కడేటి రాసినారు?"
ఏం లేదమ్మా, ఖాళీ.
"మరిక్కడ పట్టదేటి నీ పేరు?"

హౌరా వైపు గూడ్సు పోతోంది,
అది పోయేదాకా జవాబు చెప్పక్కర్లేదు.
బనియను మీద ఎనిమిది అక్షరాలకి మించరాదని
కింద సన్నగా అచ్చయి ఉంది.
టీ, ఏ, వీ... వేళ్ల మీద లెక్కపెట్టాను,
తొమ్మిది.
ఒక ఎమ్ తీసేస్తే సరిపోతుంది.
తీస్తే అమ్మలోంచే తియ్యాలి.