తగిలింది, అంటలేదు

రువైస్‌లో రాత్రి పదకొండు.
ఫ్లేర్ మంట గాలికి ఒక పక్కకి ఒరిగి
సముద్రం మీద ఎర్రటి గీత గీస్తోంది.
"కెమెరా వస్తోంది, ఇవాళ షూటింగ్ ఉంది" అన్నాడు సాజన్.
అదే మాట తెలుగులోకి తిప్పాను.
తిప్పడానికేముంది, రెండూ మనవైపోయిన మాటలే.

గంగరాజం హెల్మెట్ తీసి తల దువ్వుకున్నాడు.
కవరాల్ జేబులో దువ్వెన పెట్టుకునే మనిషి,
మెట్‌పల్లిలో బీడీల లెక్కలు రాసినవాడు,
పసుపు తాడు ఇవతల, దీపం వెలుగు పడేచోట
నిటారుగా నిలబడ్డాడు.
పైపు అతుకుల్ని తప్ప
ఆ కెమెరా మనిషి మొహం చూడదని
చెప్పాల్సింది నేనే.

సైరన్ మోగింది. ఆగింది.
వాకీటాకీలో సాజన్: "సోర్స్ ఇన్‌సైడ్."
అలవాటుగా అరిచాను:
"లోపలికి పోయింది! అయిపోయింది!"

ఎవరి లోపలికి?
ఏం అయిపోయింది?
అతను అడగలేదు.
బస్సు చివరి సీటులో
పొట్ట మీద చెయ్యి వేసుకుని
క్యాంపు దాకా వచ్చాడు.

మర్నాడు పదహారో నంబరు గదిలో
అతని గ్లాసు వేరైంది.
మూడో రోజుకి పళ్ళెం, ఆ తర్వాత బకెట్టు.
పై మంచం పోశెట్టి దుప్పటి చుట్టుకుని
వరండాలోకి మారాడు.
"అన్నా, గిది అంటుకుంటదా?"
గొంతు తగ్గించి అడిగాడు నన్ను.

అంటు.
ఎన్ని తరాలు పనిచేసిన మాటో అది.
విమానమెక్కి, సముద్రం దాటి వచ్చి
ఏసీ గదిలో ఒక స్టీలు గ్లాసుని
గోడవారకి నెట్టింది.

నా దగ్గర ఒక కరపత్రం ఉంది.
వికిరణ ఉద్గారం, అర్ధజీవితం, ప్రభావశీల మోతాదు.
గది గుమ్మం దగ్గర, చెప్పులతో పాటు
ఆగిపోయే మాటలు.
మోతాదంటే మందు. మందంటే సారా,
మందంటే పురుగులు చచ్చేది.
ఏ మందని చెప్పను?

మిట్టమధ్యాహ్నం నీళ్ళ డ్రమ్ము పక్కన
నెత్తి మాడుతుంటే తట్టింది.
ఎండ తగులుతుంది.
బురద అంటుతుంది.
ఎండలోంచి నీడలోకి వచ్చినవాడు
జేబులో సూర్యుణ్ణి తెచ్చుకోడు.
ఎక్కువసేపు నిలబడితే ఒళ్ళు కాలుతుంది, దాచను.
కాని అతని పక్కన పడుకున్నవాడికి
అతని ఒంట్లోంచి ఎండ కొట్టదు.
మా అమ్మ ఏనాడూ కలిపేయని రెండు క్రియలు.
నాకే గుర్తు రాలేదు.

ఆ రాత్రి గంగరాజం గ్లాసుతో నీళ్ళు తాగి చెప్పాను:
"అది కెమెరా కాదు. బరువైన డబ్బా.
అందులో గోరంత లోహం, మూత బిగించిన గొట్టంలో.
దాన్ని బయటికి తోసినప్పుడు
తాడు దాటితే కిరణాలు తగులుతాయి.
లోపలికి అంటే డబ్బా లోపలికి.
నీ లోపలికి కాదు."
తక్కువే అనలేదు. భయం లేదు అనలేదు.
తాడు దగ్గర మీటరు చూపిన అంకె చెప్పాను,
దాటకూడని అంకె దాని పక్కన రాసి.

లెక్కలు రాసినవాడు, చాలాసేపు చూశాడు.
"గిది ఆ రాత్రే చెప్తే ఏమాయె?" అన్నాడు.

ఇప్పుడు అరిచేది పొడుగు వాక్యం:
"లోహం డబ్బాలోకి చేరింది, మీటరుతో చూస్తున్నారు,
తాడు విప్పేదాకా ఎవరూ కదలొద్దు."
సాజన్ నవ్వుతాడు, నీ భాషకి ఊపిరెక్కువని.

పోశెట్టి పై మంచానికి తిరిగొచ్చాడు.
గ్లాసు ఇంకా గోడవారనే ఉంది,
జానెడు ఇటు జరిగి.