ఆఁ, రాలే

జడ్చర్లల పంక్చర్ దుకాణం మీది అర్ర.
కింద కురుమూర్తి ట్యూబును నీళ్లల్ల ముంచుతడు,
బుడగ యాడ లేస్తే ఆడ్నే తప్పు.
మీద నేను వాక్యాలు ముంచుతుంట.

పొద్దుగూకినంక ఏడుగురొస్తరు.
జిన్నింగు మిల్లుల లెక్కలు రాసే పిలగాడు,
ఆటో నడిపే ఖాజామియా,
మందుల కంపెనీల సీసాలకు మూతలు బిగించే మణెమ్మ.
మిగిలినోళ్లు ఒకరోజొస్తే రెండ్రోజులు రారు.

"తిన్నవా" అంటే కష్టం లేదు.
"తినలేదా" అన్నకాడ్నే బండి దిగబడతది.
"ఎస్ సార్, తినలే" అంటది మణెమ్మ.

అట్ల గాదమ్మా.
ఇంగ్లీషుల అడిగినోని మొకం సూడొద్దు,
కడుపు సూడాలె.
నిండితే ఎస్, ఖాళీగుంటే నో,
వాడు ఎట్ల తిప్పి అడిగినా సరే.
మనమేమో ముందుగాల వాని మాటకు తలకాయ ఊపుతం,
"ఆఁ, నువ్వన్నది నిజమే" అని.
ఆ తర్వాతనే లేదంటం.
లేదనెతందుకు గూడ మనకు మర్యాద గావాలె.

పోయిన నెల మణెమ్మను పెద్ద నౌకరికి పిలిచిండ్రు.
టై కట్టుకున్నాయన ఇంగ్లీషుల అడిగిండంట,
నైట్ షిఫ్టంటే నీకు భయం లేదా అని.
"ఎస్" అన్నది, రొమ్ము ఇరుసుకొని.
ఆయన కాయిదం మీద భయమున్నదని రాసుకున్నడు.

ఇగ డిడ్ సంగతి.
"ఐ డిడ్ నాట్ వెంట్" అని రాసిండు జిన్నింగు పిలగాడు.
బాదేపల్లి యార్డుల హమాలీలను సూడలేదార అన్న.
ఒక్క బస్తా ఇద్దరి నెత్తిన ఉంటదా?
నిన్నటి బరువు డిడ్ ఎత్తుకున్నది,
ఇగ గో ఉత్త చేతులతోటి నడుస్తది.
ఖాజామియా నవ్విండు,
"గో నసీబు మంచిగున్నది సార్."

మణెమ్మ నవ్వలే. ఏళ్లు మడుస్తున్నది.
"పైసల్ లేవు. పెనిమిటి లేడు. తీరిక లేదు.
నాకు రాదు. గది నాది కాదు.
నీ సాయం వద్దు. నేను రాను.
ఒక్కోదానికి ఒక్కో తీరు గద సార్,
గివన్నిటికి గా ఒక్క నాటేనా?
గంత పేదదా ఇంగ్లీషు?"

సుద్దముక్క చేతులనే ఆగింది.
నా దగ్గరున్న పుస్తకంల గీ ముచ్చట లేదు.
కింద కంప్రెసర్ గుర్రుమన్నది,
గా సప్పుడుల వినపడనట్టు బోర్డు తుడిచిన.

తొమ్మిది గొట్టింది.
మెట్లు దిగుతుంటే ఆమెనే అడిగింది, మెల్లగ,
"ఓనరు మీకింక జీతమియ్యలేదంట గద, రాలేదా సార్?"
"ఆఁ, రాలే" అన్న.
"నో అనాలె సార్."

ఆగి, గోడ పట్టుకొని,
"నో, ఇట్ హ్యాజ్ నాట్ కమ్" అన్న.
పూర తప్పులేని వాక్యం.
మణెమ్మ గాలిల ఏలుతోటి రైటు గొట్టింది,
చెప్పులేసుకున్నది.

మూడు నెల్లాయె, అని తెలుగుల కలిపిన.
గది ఆమె అడగలే.