జత లేనిది

అర్వైఖేర్‌లో ఇవాళ మైనస్ ముప్పై.
తలుపు సందులో పాత దుప్పటి కుక్కి
ఎక్స్‌రే ప్లేటుని నా కోటు లోపల పెట్టుకుని కూర్చుంటాను.
చల్లటి పలక రొమ్ముకి తగిలితే పిల్లలు కెవ్వుమంటారు.
ఏడ్చి ఊపిరి వదిలేసిన బిడ్డ గుండె
ఫిల్ములో ఉన్నదానికన్నా పెద్దగా పడుతుంది.
పందొమ్మిదేళ్ళలో నాకొచ్చిన విద్య ఇంతే:
ఏడుపుకీ ఏడుపుకీ మధ్య మీట నొక్కడం.

ఎగ్‌షిగ్లెన్ ఏడవలేదు.
నాలుగేళ్ళు. పెదాలు సిరా తాగినట్టున్నాయి.
గుమ్మం దగ్గర బూట్లు విడిచి
బల్ల దాకా నాలుగడుగులు వెయ్యలేక
మధ్యలో గొంతుక్కూర్చుంది.
అలా కూర్చుంటే ఊపిరి దొరుకుతుందని
ఎవరూ చెప్పలేదు, పాపే కనిపెట్టుకుంది.
"మేకపిల్లల్ని తరిమేటప్పుడూ ఇంతే,
ఆటనుకున్నాం" అన్నాడు తండ్రి లువ్సాన్‌చుల్తెమ్.

సీసపు కోటు తొడుక్కుని
అతను పాప చేతులు పైకెత్తి పట్టుకున్నాడు.
దీపం ఆర్పాలి, గాలి పీల్చు, ఇంకా పీల్చు,
ఆగు.
ఆగింది.

లైటు పెట్టె మీద
ఊపిరితిత్తులు మరీ నల్లగా, మరీ శుభ్రంగా ఉన్నాయి.
అంత శుభ్రం మంచిది కాదు.
నెత్తుటి రెమ్మలు అల్లుకోవలసిన చోట
ఉత్త గాలి.
గుండె పక్కన ఉబ్బుండాల్సిన చోట నొక్కు,
కింద మొన పైకి లేచి.

డాక్టరమ్మ పక్క గదిలో ఫోను మీద ఉంది.
చెప్పడం నా పని కాదు.
ఈలోగా అతనే వచ్చి నిలబడ్డాడు.
సూది పోట్లకి కాయ కాసిన బొటనవేలు
గాజుకి తగలకుండా
గీత వెంబడే నడిచింది.

"ఇది బూటు" అన్నాడు.
వైద్య పుస్తకాల్లోనూ అదే మాట. నేను నోరెత్తలేదు.
"మడమ ఇదుగో. మెడ దగ్గర బాగా నొక్కేశారు.
ముక్కు పైకి లేపారు,
మేమూ అలాగే కుడతాం, నేలకి నొప్పి తగలకూడదని."
కాసేపాగి,
"రెండోది ఏది?"

ఒక్కటేనన్నాను.

తల పంకించాడు.
"విప్పి మళ్ళీ కుట్టొచ్చా?"

ఇది నీడ, నీడని చూసి కొలత తియ్యలేమన్నాను.
ఉలాన్‌బాతర్‌లో ఇంకో యంత్రం ఉందనీ
అది చప్పుడుతో లోపలికి చూస్తుందనీ
అక్కడ కుట్టేవాళ్ళున్నారనీ అన్నాను.
నాలుగు వందల ముప్పై కిలోమీటర్లు.
మంచు పడకపోతే ఒక పగలు.

వంగి పాపకి బూట్లు తొడిగాడు.
రెండూ వేలెడు పెద్దవి.
వచ్చే చలికాలానికీ రావాలని
అలా కుట్టాడట.