పారేయొద్దు

కావలి పశువులాసుపత్రిలో
గేదెల వరసలో నిలబడింది జువ్వలదిన్నె మస్తానమ్మ.
రొయ్యల ట్రేలో పిల్లి,
పైన ఇంకో ట్రే మూత, చుట్టూ నైలాన్ తాడు.
వెనకనుంచి ఎవరో నవ్వారు,
పిల్లిక్కూడా టోకెనా అని.

"ముల్లు ఇరుక్కుందనుకున్నా సారూ,
అన్నం ముద్ద మింగిద్దామంటే తినలా.
మెడ సాచి, నేలకి ఆనించి
లోపల్నించి ఎవురో తోస్తున్నట్టు దగ్గతా ఉండాది."

ముల్లు కాదు.
చెయ్యి వెయ్యకుండా, వాచీ చూస్తూ లెక్కపెట్టాను.
నిమిషానికి అరవై నాలుగు ఊపిరులు.
ఎక్స్‌రేలో రొమ్మంతా తెల్లటి మచ్చలు,
ఎండబోసిన చేపల మీద జల్లిన రాళ్లుప్పులా.
అందరికీ రాసే మందే రాశాను, పది రోజులకి.

పదకొండో రోజు ఆమె ఏమీ అనలేదు.
తాడు విప్పి నా వైపు చూసింది.

మత్తిచ్చి, గాలిగొట్టంలోకి సన్నటి ట్యూబు దింపి
చెంచాడు ఉప్పునీళ్లు పోసి వెనక్కి లాగాను.
పలచటి గంజిలా వచ్చింది.
రాత్రి బస్సులో తిరుపతి లేబుకి పంపాను,
ఆమె తెచ్చిన చేపల ఐసులోనే,
సీసాకి గుడ్డ చుట్టి.

మూడో రోజు ఫోను:
"ఏమీ మొలవలేదు సార్, ప్లేటు తీసేస్తున్నాం."
పారేయొద్దు, అన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.
వరసలో ఆ నవ్వు గుర్తొచ్చి ఉంటుంది.

తొమ్మిదో రోజున
సుద్దముక్క గీకినట్టు పొడిపొడిగా ఒక చుక్క.
మూత తీస్తే తొలివాన మట్టివాసన వేసిందట.
రంగు వేసి చూస్తే
కొమ్మలు తొడిగిన దారాలు, తెగిన వల పోగులు.
నోకార్డియా.
మట్టిలో పడున్నంత కాలం
దాని జోలి దానిదే.

"ఎన్నాళ్లు సారూ?"
ఆరు నెలలు. రోజుకి రెండు పూటలు.
మస్తానమ్మ వేళ్లు మడిచింది, ఒక చోట ఆగింది.
"వేట నిలిపేసే రెణ్ణెల్లూ ఇందులోనే వస్తయ్.
అప్పుడు మాకే చేప ఉండదు,
దీనికి మందు దేంట్లో పెట్టేది?"

నా చదువులో ఆ ప్రశ్న లేదు.

మాత్ర చేదు. నాలిక్కి తగిలితే చాలు,
మీసాలదాకా నురగ.
ఎండు నెత్తళ్లు దంచి డబ్బాకెత్తింది ఆమె,
నిషేధం మొదలవకముందే.
ఆ పొడిలో పొర్లిస్తే మింగుతుందట.
నేనది మందుల చీటీ వెనకాల రాసుకున్నాను.

నాలుగో నెల.
ఇరవై ఎనిమిది ఊపిరులు.
"దగ్గు పోయింది గదా, ఆపేద్దామా?" అంటుంది వచ్చినప్పుడల్లా.
వద్దంటాను.
ట్రేకి ఇప్పుడు మూత లేదు,
పిల్లి అంచుమీద కూర్చుని గేదెల తోకల్ని చూస్తుంది.
తాడు మాత్రం తెస్తూనే ఉంది,
చుట్టచుట్టి, నడుముకి దోపుకుని.